నా సైకిల్ సీటు, అత్తగారి టేపు

నాకు నలభై ఏడో ఏడు నడుస్తుండగా డాక్టరుగారు నా రక్తపరీక్ష కాగితం చూసి, చక్కెర జబ్బు ఇంకా రాలేదు కానీ గుమ్మందాకా వచ్చి నిలబడి ఉందన్నారు. రోజూ నడవమన్నారు. నడక అంటే నాకు మొదటినుంచీ విసుగు. ఎంత నడిచినా రోడ్డు తరిగినట్టే ఉండదు. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబుతూ, కాలేజీ రోజుల్లో సైకిలు మీద తిరిగేదాన్ననీ, సైకిలైతే ఎంత దూరమైనా పోగలననీ అన్నాను. అన్న సంగతి నేను మరిచిపోయాను. మా ఆయన మరిచిపోలేదు.

మేముండేది హిందీ మాట్లాడే ఉక్కు ఊరి అంచున, ఆదిత్యపూర్‌లో. ఆయన అక్కడే ఒక చిన్న ఇంజనీరింగు షెడ్డులో లేత్ మెషీన్ల మీద సూపర్‌వైజరు. నేను నదికి అవతల, కాసిడీహ్‌లో ఒక బడిలో లెక్కల టీచర్ని. ఇంట్లో మాతో పాటు కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి, మా అత్తగారు ఉంటారు. అత్తగారిది శ్రీకాకుళం వైపు. పెళ్ళయి ఈ ఊరొచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆమె మాటకు ఇక్కడి గాలి తగల్లేదు. నలభై ఏళ్ళు ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టారు. మా చర్చిలో ఒకప్పుడు ఆడవాళ్ళలో సగంమంది ఆమె కుట్టిన జాకెట్లతోనే ఆరాధనకు వచ్చేవారు. కళ్ళు మసకబారాక కుట్టడం మానేశారు కానీ, టేపు మాత్రం ఇప్పటికీ ఆమె చేతిసంచిలోనే ఉంటుంది.

ఒక శనివారం మధ్యాహ్నం మా ఆయన ట్రాలీ రిక్షాలో కొత్త సైకిలు వేయించుకుని వచ్చారు. నీలం రంగు, గేర్లు, సన్నటి చక్రాలు. సాక్చిలో పెద్ద షాపులో కొన్నారట. పుట్టినరోజూ కాదు, పెళ్ళిరోజూ కాదు. ఊరికే కొన్నారు. అత్తగారు వాకిట్లోకి వచ్చి సైకిలంతా తడిమి చూసి, సీటు దగ్గర ఆగారు.

"ఇదేటిరా, కత్తిపీట నాగుంది?" అన్నారు కొడుకుతో.

"రేసింగు సీటమ్మా అది. బరువు తక్కువ, బండి బాగా పరిగెడతాది," అన్నారాయన. ఆయన ముఖంలో ఆ గర్వం చూశాక, ఆ సీటు గురించి నేను ఏమీ అనకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ అనుకోవడమే నా కష్టాలన్నిటికీ మొదలు.

సోమవారం పొద్దున్నే బడికి బయల్దేరాను. ఖర్కాయి వంతెన మీద చల్లటి గాలి ముఖానికి కొట్టింది. ఇరవై ఏడేళ్ళ తరువాత సైకిలెక్కాను, కాళ్ళు ఏమీ మరిచిపోలేదు. ఆ పావుగంట నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. బిష్టుపూర్ దాటేసరికి కూర్చున్నచోట ఏదో గుచ్చుకుంటున్నట్టు మొదలైంది. సాక్చి చేరేసరికి అది తప్ప మరో ఆలోచన లేదు. బడి గేటు దగ్గర దిగితే కాళ్ళు రెండూ దగ్గరికి రానన్నాయి. వాచ్‌మన్ నమస్కారం పెడితే, ఎడంగా పెట్టిన కాళ్ళతోనే బదులు నమస్కారం పెట్టాను.

ఒళ్ళు అలవాటు పడితే సర్దుకుంటుందని అందరూ అంటారు కదా, నేనూ అలాగే అనుకుని రెండు వారాలు తొక్కాను. సర్దుకోలేదు. క్లాసులో కుర్చీ వైపు చూడటానికే భయం వేసేది. ఆరు పీరియడ్లూ నిలబడే చెప్పాను. స్టాఫ్ రూములో కిటికీకి ఆనుకుని నిలబడే నోటుపుస్తకాలు దిద్దాను. ఇదంతా మా హెడ్‌మిస్ట్రెస్‌గారు గమనించారు. ఆ నెల మీటింగులో అందరిముందూ నన్ను చూపించి, ఈ వయసులో కూడా ఒక్క పీరియడు కూర్చోకుండా పాఠం చెబుతున్నారు, మిగతావాళ్ళు నేర్చుకోవాలి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా నేను గోడవారన నిలబడే విన్నాను.

మెత్తగా ఉంటే నొప్పి తగ్గుతుందనుకుని సీటుకి తొడిగే జెల్ కవరు ఒకటి తెచ్చాను. అది సీటు మీద నిలవకుండా అటూ ఇటూ జారేది. మలుపు తిరిగినప్పుడల్లా సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. దాన్ని తీసేసి, పాత సోఫా దిండులోంచి స్పాంజి కోసి, గుడ్డ చుట్టి కట్టాను. మొదటి రోజు స్వర్గంలా ఉంది. మూడో రోజుకి ఎముకలు దాంట్లోకి దిగబడిపోయి, మధ్యలో స్పాంజి పైకి ఉబికి, అంతకుముందు నొప్పి లేని చోట కూడా నొప్పి పుట్టింది. ఆ వారమే వాన వచ్చింది. స్పాంజి నీళ్ళు పీల్చుకుని ఉందని తెలియక ఎక్కి కూర్చున్నాను. ఆ రోజు అసెంబ్లీలో ప్రార్థన నేనే చెప్పించాలి. పంజాబీ డ్రెస్సు వెనకవైపు ఇంత పెద్ద తడి మరకతో, పిల్లలకి వీపు చూపించకుండా స్టేజీ మీదనుంచి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ దిగాను.

ఇక లాభం లేదని ఒకనాడు బడి అయ్యాక సైకిలు కొన్న షాపుకే వెళ్ళాను. కౌంటరు దగ్గర కుర్రాడికి మా అమ్మాయి వయసుంటుంది. సీటు సరిగా లేదన్నాను. నొప్పి ఎక్కడ అని హిందీలో మర్యాదగానే అడిగాడు. నా పక్కన ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళూ నా జవాబు కోసం చూస్తున్నట్టు అనిపించింది. పదో తరగతి పిల్లలకి త్రికోణమితి చెప్పే నోరు అక్కడ మూతపడిపోయింది. చివరికి మోకాళ్ళలో అన్నాను. మోకాళ్ళయితే సీటు కిందికి ఉన్నట్టే అని వెంటనే నాలుగువేళ్ళ ఎత్తు పైకి లేపి బిగించి ఇచ్చాడు. లేని నొప్పికి వైద్యం చేయించుకుని, థాంక్యూ చెప్పి వచ్చాను.

అంత ఎత్తు మీద కూర్చుంటే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగాల్సి వచ్చేది. ఆ ఊపుకి సీటు మరింత ఒరుసుకునేది. ఒక సాయంత్రం ఇంటికి వస్తూ బిష్టుపూర్ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, కాలు కింద పెడదామంటే నేల లేదు. మెల్లగా, చాలా మెల్లగా, పక్కన ఆగి ఉన్న షేర్ ఆటో మీదికి ఒరిగిపోయాను. ఆటోలో చివర కూర్చున్న ముసలామె ఒళ్ళో నా తల పడింది. ఆమె ఏమీ కంగారుపడలేదు. రెండు చేతులతో నా భుజాలు పట్టి, ఒరిగిన బియ్యం బస్తాను నిలబెట్టినట్టు మళ్ళీ నిటారుగా నిలబెట్టింది. పచ్చ దీపం వెలిగింది. ఆటో వెళ్ళిపోయింది. నేను సైకిలు దిగి, అక్కణ్ణుంచి ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

ఆ రోజుతో సైకిలు మానేశాను. మోకాలు నొప్పి అని ఇంట్లో కూడా చెప్పేశాను. మళ్ళీ షేర్ ఆటోలో బడికి పోసాగాను. సైకిలు వరండాలో గోడకి ఆనుకుని ఉండేది. ముందు దాని మీద ఒక తువ్వాలు ఆరేశాం, తరువాత నాలుగైదు బట్టలు. మా ఆయన సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, ఆ బట్టలు తీసి తాడు మీద వేసి, గుడ్డ తెచ్చి సైకిలు తుడిచేవారు. ఎందుకు తొక్కడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడగకుండా తుడుస్తున్న మనిషిని చూస్తే నా ప్రాణం గిలగిల్లాడేది. నిజం చెబితే ఆయన కొన్నది తప్పన్నట్టవుతుంది. చెప్పకపోతే ఆయన ఇచ్చింది నాకు నచ్చలేదన్నట్టవుతుంది. ఇలా మూడు వారాలు గడిచాయి.

ఒక సెలవునాడు మధ్యాహ్నం అత్తగారు వరండాలో కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని, దిండు గలేబుకి ఊడిన బొత్తం కుట్టుకుంటున్నారు. నేను డాబా మీద వడియాలు తీసుకుని మెట్లు దిగి వచ్చాను.

"సైకిలెందుకు ఒగ్గేసినావు?" అన్నారు తల ఎత్తకుండానే.

"మోకాలు నొప్పత్తా."

"మోకాలు నొప్పోలు మెట్లు అలగ దడదడ దిగరు. నిజం సెప్పు."

నేను వడియాల చేట కింద పెట్టి, ఆమె పక్కన కూర్చుని, సగం సగం మాటలతో చెప్పాను. ఆమె సూది ఆపి విన్నారు.

"కూకునేకాడ నొప్పి. ఎముకలకాడా, మెత్తకాడా? రెండుపక్కలా ఒకేలాగుంటాదా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. నేను తడబడుతుంటే ఆమె కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "నలభయ్యేళ్ళు ఆడోళ్ళ ఒంటికి టేపెట్టినదాన్ని. నాకాడ సిగ్గేటి నీకు?"

అప్పుడు అంతా చెప్పాను. వెనక రెండు ఎముకల దగ్గర సలుపు, ముందు తిమ్మిరి, స్పాంజి కథ, షాపులో మోకాలి అబద్ధం, ఆటోలో ముసలామె ఒడి. ఆటో దగ్గరికి వచ్చేసరికి అత్తగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తరువాత లేచి వెళ్ళి సీటుని మళ్ళీ తడిమి చూశారు. జాకెట్టు సంకలో కోసుకుంటుంటే కొందరు గుడ్డ మెత్తగా లేదని ఏడుస్తారనీ, ఎంత పట్టు తెచ్చినా కొలత తప్పితే కోసుకుంటూనే ఉంటుందనీ అన్నారు. "మెత్తదనం కాదు నీకు తక్కువ. కొలత తీసినారా నీకు? ఎవలి కొలతకో కుట్టినది నీకు తొడిగినారు."

లోపల్నుంచి ఇదంతా వింటున్న మా అమ్మాయి ఫోను పట్టుకుని బయటికి వచ్చింది. మేము తెలుగులో అడిగితే అది హిందీలో చెబుతుంది, మాకది అలవాటే. "దాదీ, గత్తే పే బైఠ్‌కే నాప్ లేతే హై," అంది. అట్టపెట్టె మీద కూర్చుని కొలత తీసుకుంటారట. నాయనమ్మకి ఆ ఉపాయం వెంటనే నచ్చింది. మంచం కింద ఉన్న మిక్సీ పెట్టె తెమ్మని, దాని పక్క కత్తిరించి, గట్టి చెక్క స్టూలు మీద పరిచారు. నన్ను కూర్చోమన్నారు. కాళ్ళ కింద రెండు పీటలు పెట్టి మోకాళ్ళు పైకి లేపించారు. సైకిలు మీద ఎలా వంగుతావో అలాగే వంగమన్నారు. నేను లేని హ్యాండిలు పట్టుకుని, గాలిలోకి వంగి, ఒక నిమిషం కదలకుండా కూర్చున్నాను. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడకి తిరిగి నిలబడింది.

లేచి చూస్తే అట్ట మీద బొటనవేలితో నొక్కినట్టు రెండు గుంటలు. నా ఎముకలు అలా రెండు చోట్ల ముద్ర వేశాయని చూస్తే నాకే వింతగా అనిపించింది. అత్తగారు గుంటల చుట్టూ సుద్దతో గీసి, మధ్యనుంచి మధ్యకి టేపు పెట్టి, అమ్మాయిని చదవమన్నారు. ఐదుంబావు అంగుళాలు. తరువాత అదే టేపు సైకిలు సీటు మీద పెట్టారు. మనిషి కూర్చోగల చదునైన భాగం నాలుగున్నర అంగుళాలే ఉంది. అక్కణ్ణుంచి రెండువైపులా కిందికి వాలిపోయింది.

"సూడు మరి. నీ ఎముకలు గట్టు మీద లేవు. గట్టు దిగజారిపోయినకాడ వేలాడతన్నాయి."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి కొలతల పాఠం చెబుతున్నాను. ముప్పై రోజులు ఆ సీటు మీద ఏడ్చాను. టేపు పెట్టి చూడాలని ఒక్కసారి కూడా తోచలేదు.

మరుసటి శనివారం సగంపూట బడి. సాక్చి బజారు వెనక సందులో ఒక ముసలి సైకిలు మిస్త్రీ ఉన్నాడని మా బడి వాచ్‌మన్ చెప్పాడు. అత్తగారు తానూ వస్తానన్నారు. నేను సైకిలు మీద, సగం దూరం నిలబడే తొక్కుతూ వచ్చాను. ఆమె షేర్ ఆటోలో, అట్టముక్కను ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. మిస్త్రీది కొట్టు కాదు, టార్పాలిన్ కింద ఒక బల్ల. వెనక గోడకి మేకులు కొట్టి, పాత సీట్లన్నీ ఎండుచేపల్లా వేలాడదీశాడు.

ఆయన నన్ను నొప్పి ఎక్కడని అడుగుతాడేమోనని నేను భయపడుతూనే ఉన్నాను. అంతలో అత్తగారు అట్టముక్కను ఆయన ముందు పెట్టేశారు. ఆమె హిందీ ఆమెదే, ఇంకెవరికీ రాదు. "భయ్యా, యే హమారా బహూ కా నాప్ హై. ఇస్కా బరాబర్ సీటు మంగతా," అని, ఇది మా కోడలి కొలత, దీనికి సరిపడే సీటు కావాలని చెప్పారు. ఆయన అట్టను వెలుతురుకి ఎత్తి, గుంటలు చూసి, తన వేళ్ళతో దూరం కొలుచుకున్నాడు. నవ్వలేదు. ఇన్నేళ్ళలో సీటు కోసం కొలత తీసుకుని వచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాననీ, వచ్చినవాళ్ళంతా బొటనవేలితో నొక్కి మెత్తగా ఉందని కొనుక్కుపోతారనీ, కూర్చునేది మాత్రం బొటనవేలితో కాదనీ అన్నాడు. అత్తగారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆయన స్టూలు లాక్కుని అక్కడే కూర్చుండిపోయారు.

ఆయన మూడు సీట్లు దించాడు. ఒక్కొక్కటీ బిగించి, సందు చివరిదాకా తొక్కి రమ్మన్నాడు. మొదటిది స్ప్రింగులున్న వెడల్పాటి సీటు. పీట మీద కూర్చున్నట్టుంది కానీ, నా సైకిలు మీద ముందుకు వంగి తొక్కాలి కదా, తొడలు రెండూ ఒరుసుకున్నాయి. రెండోది పాత తోలు సీటు. వెడల్పు సరిపోయింది. కానీ ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని తమ ఒంటికి తగ్గట్టు దిగబెట్టుకున్నారు దాన్ని. ఇంకొకరి చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టుంది. మూడోది చూడటానికి గట్టిగా ఉంది. నొక్కితే పెద్దగా దిగలేదు. వెనక ఏడంగుళాలకు కాస్త తక్కువ, మధ్యలో పొడుగునా ఒక గాడి. దాని మీద కూర్చున్నాక నా ఎముకలు రెండూ వాటి చోటు వాటికి దొరికినట్టు ఊరుకున్నాయి. సందు చివర ఆగాల్సినదాన్ని, అక్కడ మలుపు తిరిగి, బజారంతా చుట్టి వచ్చాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు, మిస్త్రీ టీ తాగుతున్నారు.

సీటు దొరికితే పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. సగం పని బిగించడంలోనే ఉందని మిస్త్రీ చెప్పాడు. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, గోడ పట్టుకోమని, మడమను పెడల్ మీద పెట్టి కిందిదాకా తొక్కమన్నాడు. మడమ పెట్టినప్పుడు కాలు తిన్నగా సాగాలి, అప్పుడు మునివేళ్ళ దగ్గర పెట్టి తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది. అదీ లెక్క. షాపులో లేపిన నాలుగువేళ్ళలో మూడువేళ్ళు దించేశాడు. తరువాత సీటు ముందుకా వెనక్కా అని చూడాలి. దానికి దారం కావాలన్నాడు. అత్తగారి సంచిలో దారం ఎప్పుడూ ఉంటుంది. దానికి ఒక నట్టు కట్టి, నా మోకాలి ముందునుంచి వేలాడదీశాడు. అది పెడల్ మధ్యకి వచ్చేదాకా సీటుని వెనక్కి జరిపాడు. సిగ్నలు దగ్గర పడకుండా ఉండాలంటే సీటు మీద కూర్చునే ఆగకూడదు, ఒళ్ళు సీటు ముందుకి దించి కాలు పెట్టాలి అని దిగి చూపించాడు కూడా. ఆటో సంగతి ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలుసు.

ఇంటికి వస్తుంటే గాలి ఎదురు కొట్టింది. నొప్పి అసలు లేదనను. నెల రోజుల పుండు కదా. కానీ వంతెన మీదికి వచ్చేసరికి నేను సీటు గురించి కాక, నదిలో నీళ్ళు తగ్గాయి, ఇసుక బయటపడింది అని ఆలోచిస్తున్నానని గమనించాను.

ఇంట్లో ఇంకొక గండం మిగిలింది. సాయంత్రం మా ఆయన వచ్చి, చెప్పులు విప్పుతూ సైకిలు చూశారు. మెరిసే కొత్త సైకిలు మీద గీతలు పడ్డ పాత సీటు. లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగారు. నేనే వెనకాలే వెళ్ళి, మోకాలు నొప్పి కాదని, మొదటినుంచి జరిగిందంతా చెప్పాను. ఆయన ఇచ్చినది బాగాలేదని ఎలా చెప్పనని నోరు మూసుకున్నానన్నాను.

"షాపులో నేను కూడా ఎక్కి సూసినాను," అన్నారాయన గ్లాసు కింద పెట్టి. "నాకూ నొప్పెట్టింది. నువ్వు తేలిగ్గా ఉంటావు కదా, నీకేటీ అవదులే అనుకున్నాను."

నాకు నవ్వు వచ్చింది. ఆయనకీ వచ్చింది. ఇన్నాళ్ళూ అడక్కుండా ఎందుకు తుడిచారని అడిగితే, అడిగితే నచ్చలేదంటావేమోనని భయమేసింది అన్నారు. ఇద్దరం ఒకే భయంతో మూడు వారాలు ఒకే వరండాలో తిరిగామన్నమాట.

మరునాడు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, ఆయన ఎప్పుడో షెడ్డు నుంచి తెచ్చి ఇంట్లో ఉంచుకున్న నీటిమట్టం తీశారు. మెషీను బిగించేటప్పుడు నేల వాలుందో లేదో చూసే పనిముట్టు అది. సీటు మీద పెట్టి చూస్తే గాజుగొట్టంలో బుడగ ఒకపక్కకి జరిగింది. సీటు ముక్కు వెంట్రుకవాసి పైకి ఉంది. దాన్ని చదును చేసి, తొక్కి రమ్మన్నారు. నేను మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరుదాకా వెళ్ళి వచ్చి, ముందుకి జారుతున్నట్టుంది అన్నాను. ఒక పిసరు లేపారు. మళ్ళీ వెళ్ళాను. చేతుల మీద బరువు తగ్గిందన్నాను. ఇంకొక పిసరు. ఇలా ఏడెనిమిది సార్లు. ఎదురింటివాళ్ళు కుర్చీలు బయటికి తెచ్చుకుని కూర్చున్నారు. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అని సైగ చేస్తున్నారు. ఎనిమిదోసారి తిరిగి వచ్చి, ఇక దీన్ని ముట్టుకోవద్దన్నాను. ఆయన సీటు కింద రాడ్డు మీద మేకుతో సన్నగా ఒక గీత గీశారు. ఎప్పుడైనా జారితే మళ్ళీ అక్కడికే తేవచ్చని.

ఆ వారం నుంచి మళ్ళీ బడికి సైకిలు మీద వెళ్ళాను. క్లాసులో కుర్చీలో కూర్చున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గారు కిటికీలోంచి చూసి కాస్త నిరాశపడినట్టే కనిపించారు.

ఆదివారం జరిగిన ఆ తతంగాన్ని చూసినవాళ్ళలో మా సందు చివరి ఇంట్లో ఉండే ఒడియా ఆమె ఒకరు. ఆమె రోజూ తెల్లవారకముందే భర్త పాత సైకిలు వేసుకుని బిష్టుపూర్‌లో మూడిళ్ళలో వంట చేయడానికి వెళుతుంది. పదకొండేళ్ళుగా అదే సైకిలు, అదే సీటు. తోలు చిరిగి, ఇనుము కనిపిస్తుంటే దాని మీద ఒక ప్లాస్టిక్ సంచి తొడిగింది. నాకు సైకిలు సరదాగా వచ్చిన కానుక, ఆమెకి బతుకు. ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, అత్తగారిని ఒడియా కలిసిన తెలుగులో మెల్లగా అడిగింది. సైకిలు తొక్కితే నొప్పి పుట్టకుండా కూడా ఉంటుందా అని.

నాకు ఆ మాట చురుక్కుమంది. నేను నెల రోజులకే ఊరంతా తిరిగి గోల చేశాను. ఆమె పదకొండేళ్ళు అది సైకిలు స్వభావమే అనుకుంది.

అత్తగారు వెంటనే లోపలికి తిరిగారు. "అమ్మీ, స్టూలట్టుకురా," అని మా అమ్మాయిని కేకేశారు. అట్ట పరిచారు, పీటలు పెట్టారు. ఆమె సిగ్గుపడి కూర్చోనంటే, అత్తగారు ముందు తాను కూర్చుని చూపించారు. ఒడియా ఆమె కొలత నాకంటే ఎక్కువ వచ్చింది, ఐదుంబావు కాదు, ఆరుకి దగ్గర. పైగా ఆమె తొక్కేది వంగి కాదు, నిటారుగా కూర్చుని. మిస్త్రీ దగ్గరికి ఈసారి ముగ్గురం వెళ్ళాం. ఆమె సైకిలు చూడగానే ఆయన, నాకు సరిపడని ఆ స్ప్రింగుల వెడల్పు సీటునే దించాడు. ఆమె ఎక్కి, సందు చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి దిగకుండానే కూర్చుంది. ఏమైందని అడిగాను. ఏమీ లేదు, ఇంకొంచెంసేపు కూర్చుంటాను అంది. కూర్చునే ఉంది. ఆమె దిగేదాకా మేము ఆగాం.

ఆ తరువాత మా బడిలో ఇద్దరు టీచర్లు కొలత తీయించుకోవడానికి వచ్చారు. ఒకామెకి సీటు బాగానే ఉందనీ, హ్యాండిలే దూరమైందనీ తేలింది. చర్చిలో పాటలు పాడించే ఆమె ఒకరు ఆరాధన అయ్యాక అత్తగారి చెవిలో ఏదో చెప్పి, వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చారు. మిక్సీ పెట్టె అయిపోయింది. అత్తగారు ఇప్పుడు కిరాణా కొట్టువాణ్ణి అడిగి అట్టలు తెప్పిస్తున్నారు. ఒక్కొక్క అట్ట మీద సుద్దతో గుర్తు రాసి, ఒకప్పుడు జాకెట్ల కాగితాలు దాచిన ట్రంకు పెట్టెలోనే దాస్తున్నారు. డెబ్బై నాలుగేళ్ళకి మళ్ళీ గిరాకీ వచ్చిందని మా ఆయన ఏడిపిస్తే, ఆమె కోపం నటిస్తారు.

మొన్న చలి మొదలైన పొద్దున, బడిలో పరీక్షలని నేను తొందరగా బయల్దేరాను. వంతెన మీద మంచు. వెనకనుంచి గంట మోగింది. ఒడియా ఆమె. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, ఆ బరువైన పాత సైకిలు మీద రాణీలా నిటారుగా కూర్చుని, గేర్లున్న నా సైకిలుని అలవోకగా దాటేసింది. దాటి, వెనక్కి తిరిగి చూసి, "బేగి రా దీదీ," అని తొందరపెడుతూ నవ్వింది. నేను గేరు మార్చాను. అయినా అందలేదు.